ఓర్క్ ఒళ్ళు చిలకపచ్చగా వస్తోంది, 12 బొమ్మల దళానికి రంగులు ఎట్లా ఎంచుకోవాలి?

అలిపిరి_అబ్బాయి
మే 2, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో మేం నలుగురం ఆదివారాలు కలిసి టేబుల్ మీద ఫాంటసీ యుద్ధం గేమ్ ఆడుకుంటాం. ఈసారి నాది ఓర్క్‌ల దళం, అంటే ఫాంటసీ కథల్లో కోరలుండే రాక్షసజాతి. 32 మిల్లీమీటర్ల స్కేల్లో 12 బొమ్మలు రెజిన్‌లో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది) ప్రింట్ చేయించుకున్నాను. రెండింటికి రంగు వేశాను, రెండూ నచ్చలేదు. సీసాలో ఉన్న పచ్చ నేరుగా ఒళ్ళంతా వేసి, నీడలకు అందులోనే నలుపు కలిపి, వెలుగు పడే చోట్ల తెలుపు కలిపి వేశాను. ఎండాక చూస్తే ఒళ్ళు చిలకపచ్చ, భుజాల మీద పుదీనా చట్నీలో పెరుగు కలిపిన రంగు, చంకల్లో బూజు రంగు. పైగా ఎర్ర పంచె, పసుపు బెల్టు, నీలం డాలు, వెండి కత్తి, అన్నీ ఒకేసారి కళ్ళలో పడుతున్నాయి, మొహం మాత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. మొహం చెక్కిన తీరు ఎంత బాగుందంటే, కింది పెదవి మీదికి రెండు కోరలు, ఎడమ చెంప మీద పాత గాటు, అదంతా నా రంగు కింద పోయింది. అదే బాధ. మిగతా పదింటిని ముట్టుకోలేదు. ఒంటి రంగు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పండి, ప్లీజ్.

రేణిగుంట_రెజిన్
మే 2, రాత్రి 11:15

తమ్ముడూ, రంగుల కంటే ముందు రెండు ప్రశ్నలు. ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) ఏది, ఎప్పుడు కొట్టావు? ఏ లైటు కింద వేస్తున్నావు? మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం డాబా మీద స్ప్రే కొడితే పొగలాంటి ఆ తుంపర బొమ్మకు తగిలేలోపే గాల్లో ఎండిపోయి, ఒళ్ళంతా సన్నటి ఇసుక చల్లినట్టు గరుకవుతుంది. ఆ గరుకు మీద ఏ రంగు వేసినా పొడిపొడిగానే కనిపిస్తుంది. పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందు కొట్టు. వానాకాలంలో ఇంకో తిప్పలు, గాలిలో తేమ ఎక్కువున్న రోజు రంగు చెరగకుండా చివర్లో కొట్టే మ్యాట్ (మెరవని) వార్నిష్ తెల్లగా మబ్బు పడుతుంది.

లైటు సంగతికొస్తే, పసుపు బల్బు కింద పచ్చ కలిపితే తెల్లారి కిటికీ దగ్గర ఇంకో రంగు కనిపిస్తుంది. పగటి వెలుతురులాంటి తెల్ల ఎల్‌ఈడీ ఒకటి పెట్టుకో.

పాతబ్రష్
మే 3, ఉదయం 7:05

పై అన్న చెప్పింది నిజమే కానీ అబ్బాయి బొమ్మలో అసలు జబ్బు ప్రైమర్ కాదు, నలుపూ తెలుపూ. పచ్చలో నలుపు కలిపితే నీడ రాదు, రంగు చచ్చిపోతుంది, అంతే. తెలుపు కలిపితే వెలుగు రాదు, సున్నం వేసినట్టు పాలిపోతుంది. నీడకు ముదురు నీలం గానీ, కొంచెం ఎర్రటి గోధుమ గానీ కలుపు. ఎరుపూ పచ్చా ఒకదానికొకటి ఎదురు రంగులు, పచ్చలో సూదిమొన మీద పట్టేంత ఎరుపు పడితే ఆ చిలకపచ్చ అణిగి చర్మం రంగులోకి దిగుతుంది. ఎక్కువైతే బురద, అందుకే చుక్క చుక్కగా కలుపుతూ తెల్ల కాగితం మీద రాసి చూసుకుంటూ పో. వెలుగుకు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలుపు, ఇంకా పైకి వెళ్ళాలంటే ఎముక రంగు. అచ్చ తెలుపు కంటి మెరుపు చుక్కకు తప్ప ఈ ఒంటి మీద ఎక్కడా వద్దు.

ఇంకో మాట. ఓర్క్ అంటే పచ్చగానే ఉండి తీరాలని ఏమీ లేదు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ రాసిన ఓర్క్‌లు పచ్చగా ఉండవు. 1983లో మొదలైన టేబుల్ గేమ్ వార్‌హామర్, 1994లో కంప్యూటర్‌లో వచ్చిన వార్‌క్రాఫ్ట్, ఈ రెండూ పచ్చను మన కళ్ళకు అలవాటు చేశాయి. వార్‌క్రాఫ్ట్ కథలోనైతే ఓర్క్‌ల అసలు రంగు గోధుమ, దుష్టమాయ సోకి పచ్చబడ్డారు. అంటే ఆ రంగు వెనక ఒక కథ ఉంది. నీ దళం ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, ఎండలో తిరుగుతుందా గుహలో ఉంటుందా, అది అనుకున్నాక రంగు తీసుకో. గుహలో ఉండేవాళ్ళు పాలిపోయిన బూడిదపచ్చ, కొండల మీద ఎండలో తిరిగేవాళ్ళు ముదురు ఆలివ్. అది తేలితే బట్టల గొడవ సగం తీరిపోతుంది. ఒంటి రంగు ఇంటి పెద్ద లాంటిది, మిగతావాళ్ళు దాని మాట వినాలి. నీ బొమ్మలో ఐదుగురు పెద్దలు ఉన్నారు, అందుకే మొహం కనిపించడం లేదు.

బెంగళూరా_మామిడి
మే 3, ఉదయం 9:30

చిత్తూరు నుంచి. నాకు ఈ థియరీలు పెద్దగా తెలియవు కానీ ఒక పని చెబుతా, చేసి చూడు. ఇప్పుడు సీజనే కదా, ఒక బెంగళూరా కాయ (మీ తిరుపతిలో కొందరు తోతాపురి అంటారు) పచ్చిది తెచ్చి నీ టేబుల్ మీద కిటికీ వెలుతురులో పెట్టు. పచ్చగా ఉంది అంటాం కదా, దగ్గరకు తీసుకుని చూడు. ముక్కు దగ్గర పసుపు కలిసిన పచ్చ, నడుం దగ్గర ముదురు, తొడిమ పక్కన భుజం మీద ఎండ తగిలిన చోట ఎరుపు కమ్ముకుని ఉంటుంది, ఒళ్ళంతా సన్నటి లేత చుక్కలు. ఒకే పచ్చ ఎక్కడా ఉండదు. మా తోటలో కాయ కోసేటప్పుడు ఆ ఎర్ర బుగ్గ చూసే ఎండ ఏ వైపు నుంచి తగిలిందో చెప్పేయొచ్చు.

నేను ఓర్క్‌లకు అదే పెడతాను. ముక్కు కొన, చెవి అంచులు, పెదవి, మోచేతులు, వేళ్ళ కణుపులు, ఈ చోట్ల పలచటి ఎర్ర ఊదా రంగు, నీళ్ళే ఎక్కువ, రంగు తక్కువ, బ్రష్‌ను టిష్యూకు తుడిచి అప్పుడు రాయాలి. ఎండాక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, మూడోసారికి తేలుతుంది. దాంతో పచ్చ చర్మం కింద రక్తం ఉన్నట్టు కనిపిస్తుంది.

అలిపిరి_అబ్బాయి
మే 3, సాయంత్రం 6:50

కాయ తెచ్చి పెట్టుకున్నాను అన్నా, నిజంగానే గంటసేపు చూశాను. ఆ ఎర్ర భుజం దగ్గర పచ్చ ఎరుపు కలిసే చోట గోధుమ రంగు వస్తోంది, ఇన్నేళ్ళుగా తింటున్నా ఎప్పుడూ గమనించలేదు. మా దళం కొండల మీద తిరిగేవాళ్ళు అని అనుకున్నా. ముదురు ఆలివ్ వైపు వెళ్తాను. అయితే ఆ పచ్చను కలిపి వేయాలా, పొరలుగా వేయాలా?

కరక్కాయ_కలం
మే 3, రాత్రి 9:20

తమ్ముడూ, మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారి పని. బొమ్మలకు రంగులేయడం నాలుగేళ్ళ నుంచి చేస్తున్నాను, నీ ప్రశ్నకు మా పనిలోనే జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

కలంకారిలో పచ్చ అని వేరే రంగు ఉండదు. ముందు పసుపు వేస్తాం, దాని మీద నీలం వేస్తాం, అప్పుడు పచ్చ వస్తుంది. పసుపు ఎంత ముదురు, నీలం ఎంత పలచన అన్నదాన్ని బట్టి ఆ పచ్చలో ప్రాణం ఉంటుంది, ఎందుకంటే కింది పసుపు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకోటి, మా పద్ధతిలో దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళ ఒంటికీ నగలకూ పసుపు, రాక్షసులకు ఎరుపు గానీ పచ్చ గానీ. కాబట్టి పచ్చ ఒళ్ళూ కోరలూ ఉన్న మొహం మన కంటికి కొత్తేమీ కాదు, చిన్నప్పటి నుంచి మా నడవలో ఆరేసిన గుడ్డల మీద చూస్తూనే ఉన్నాను.

బొమ్మ మీద ఇదే చెయ్యి. లేత బూడిద ప్రైమర్ మీద ఒళ్ళంతా ఎల్లో ఓకర్, రెండు పలచటి పూతలు. పూర్తిగా ఎండాక థాలో బ్లూ, బియ్యపు గింజలో సగం చాలు, అది చాలా ఘాటు రంగు, బోలెడు నీళ్ళు, ఉంటే గ్లేజ్ మీడియం (రంగును పలచన చేసే ద్రవం), కలిపి ఒక పూత. నుదురు, బుగ్గ ఎముక, భుజం పైభాగం వదిలేసి కిందివైపు మాత్రమే రెండో పూత, చంకల్లో, మెడ కింద మూడోది. పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వాలి, తొందరపడితే కింది పూత లేచి చిరిగిపోతుంది. పాతబ్రష్ గారు చెప్పిన ఎర్ర గోధుమ వాష్ (నీళ్ళలా పలచటి రంగు) అన్నిటికంటే చివర్లో, గుంటల్లో మాత్రం.

గీతల సంగతి కూడా. మేం ముందు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం, రంగు పాకకుండా. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన సిరాతో గీత గీస్తే కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. ఆ గీత వల్లే దూరం నుంచి కూడా బొమ్మ తెలుస్తుంది. నువ్వు కూడా ఒళ్ళు ఆగి బెల్టు మొదలయ్యే చోట, వేలికీ వేలికీ మధ్య, కోరకూ పెదవికీ మధ్య, ముదురు గోధుమతో వెంట్రుకంత గీత పెట్టు. టేబుల్ మీద మూడడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు అదే కన్నూ ముక్కూ తీరుస్తుంది.

రేణిగుంట_రెజిన్
మే 4, ఉదయం 8:10

అక్కా, పద్ధతి చాలా బాగుంది, కానీ 12 బొమ్మలకు ఇన్ని పూతలంటే అబ్బాయి జూన్ దాకా కూర్చోవాలి. నాయకుడికి అట్లా వేసి, మిగతా వాళ్ళకు దగ్గరి దారి చూపించొచ్చు. నల్ల ప్రైమర్ అంతటా కొట్టు, ఆరాక తెల్ల స్ప్రే పైనుంచి మాత్రమే, మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన పడే దిక్కు నుంచి, ఒక్క విసురు. వెలుగూ నీడా ఎక్కడో బొమ్మ మీదే కనిపిస్తాయి. దాని మీద పలచటి ఓకర్, తర్వాత పలచటి పచ్చ. తెల్లపడ్డ చోట రంగు వెలుగుతుంది, నల్లపడ్డ చోట దానంతటదే ముదురుతుంది. పదకొండు బొమ్మలూ వరసగా పెట్టుకుని ఒకే రంగు అన్నిటికీ వేస్తూ వెళ్తే, చివరిది అయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది.

మన ఎండకు రంగు ప్లేట్లోనే ఎండిపోతుంది కదా, టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ నాలుగు మడతలు, పైన బటర్ పేపర్, దాని మీద రంగు కలుపు. మూత పెట్టేస్తే తెల్లారేదాకా తడిగా ఉంటుంది. రంగు వేసేటప్పుడు ఫ్యాన్ ఆపెయ్, ఉక్కపోత భరించాలి తప్పదు.

కొర్లగుంట_కుంచె
మే 4, మధ్యాహ్నం 1:25

అందరూ పచ్చ పచ్చ అంటున్నారు, నాది వేరే అభిప్రాయం. కొండల మీద తిరిగే ఓర్క్‌లు అన్నావు, మన శేషాచలం కొండలు పెట్టుకుని పచ్చ ఎందుకు? ఎర్రచందనం రంగు ఒళ్ళు వెయ్యి. మన మాధవమాల ఊళ్ళో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర అప్పుడే చెక్కిన బొమ్మ చూశావా, ముదురు ఎరుపులో ఊదా, అంచుల దగ్గర నారింజ. నేను ఐదు అట్లా వేశాను. బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) ఒళ్ళు, నీడకు ఊదా కలిపి, వెలుగుకు ఓకర్. నీడలో ఊదా ఎందుకంటే సాయంత్రం ఐదున్నరకు అలిపిరి వైపు నుంచి కొండ చరియ చూడు, వెలుగు పడ్డ రాయి నారింజ, పగుళ్ళలో నీడ నీలం ఊదా, నలుపు ఎక్కడా ఉండదు.

ఒకటే జాగ్రత్త, ఎర్ర గోధుమ ఒంటి మీద గోధుమ తోలు బెల్టులు కలిసిపోతాయి. తోలును నల్లటి బూడిదలోకి, బట్టను పాత నీలంలోకి మార్చాల్సి వస్తుంది.

ఇంకో ఐడియా, యుద్ధానికి ముందు ఒంటికి పూసుకునే రంగులు. ఈ నెల్లోనే మన తిరుపతి గంగమ్మ జాతర, మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు కదా. బైరాగి వేషానికి నామం కొమ్ము (తెల్ల మట్టి) తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. దళంలో ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు చేసి ఆ నాలుగు రంగులు పూస్తే చూసిన వెంటనే ఎవరు ఏ గుంపో తెలిసిపోతుంది.

పాతబ్రష్
మే 4, రాత్రి 8:45

తమ్ముడూ, ఎర్రచందనం ఒళ్ళు మంచి ఆలోచన, దానికి నా ఓటు కూడా. జాతర వేషాల మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. మా ఇంట్లో మొక్కుకుని వేషం కట్టినవాళ్ళు ఉన్నారు. పొద్దున్నే తలస్నానం చేసి, అమ్మవారికి చెప్పుకుని కట్టే వేషం అది. దాన్ని తెచ్చి ఓర్క్ ఒంటి మీద పెడితే చూసేవాళ్ళకు బాధ కలుగుతుంది. నాకైతే కలుగుతుంది.

కరక్కాయ_కలం
మే 4, రాత్రి 9:30

పాతబ్రష్ గారి మాటే నాదీ. కానీ ఒక తేడా చూడాలి. వేషం వేరు, పూసిన మట్టి ఒంటి మీద ఎట్లా ఉంటుంది అన్నది వేరు. మొదటిది అమ్మవారిది, దాన్ని వదిలేద్దాం. రెండోది ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. ఏ తెల్ల మట్టి అయినా ఒంటి మీద ఆరాక మోచేతి మడతలో పగులుతుంది, చెమట కారిన చోట గీత పడి కింది చర్మం కనిపిస్తుంది. బొగ్గు పూస్తే నుదుటి మీద చెమటకు మెరుస్తుంది, బుగ్గ మీద మసకగా ఉంటుంది, నవ్విన చోట ముడతల్లో పోతుంది. ఓర్క్ యుద్ధపు రంగును గీత కొట్టినట్టు అచ్చంగా వేయకుండా, మడతల్లో చెరిపి, అంచుల్లో స్పాంజ్ ముక్కతో అద్ది చూడు.

కొర్లగుంట_కుంచె
మే 4, రాత్రి 10:05

సారీ సార్, ఆ కోణంలో ఆలోచించలేదు, నా తప్పే. రంగులు గుంపుల వారీగా అన్న మాట ఉంచుకుని వేషాల మాట తీసేద్దాం. అక్క చెప్పిన స్పాంజ్ పద్ధతి నేనూ చేసి చూస్తాను.

అలిపిరి_అబ్బాయి
మే 8, రాత్రి 11:30

నాలుగు రోజులు పట్టింది, నాయకుడి బొమ్మ అయింది. పాత రంగు తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఒళ్ళు కలం అక్క పద్ధతిలోనే, ఓకర్ మీద నీలం. మొదటి నీలం పూత వేశాక భయమేసింది, మొహమంతా మురికి నీళ్ళు పోసినట్టు ఉంది. ఆరేదాకా వదిలేసి అన్నం తిని వచ్చి చూస్తే బుగ్గ ఎముక మీద పసుపు కింద నుంచి వెలుగుతోంది, దవడ దగ్గరకు వచ్చేసరికి ఆలివ్ పచ్చ, మెడ కింద దాదాపు నీలం. నేను కలిపిన ఏ పచ్చా ఇట్లా రాలేదు. తర్వాత మామిడి అన్న చెప్పిన ఎర్ర ఊదా, ముక్కు కొనకు, చెవులకు, వేళ్ళ కణుపులకు. చెంప మీద గాటుకు కూడా అదే పెట్టి, గాటు కింది అంచున సన్నటి ఎముక రంగు గీత లాగాను. ఇప్పుడు మొహం చూస్తే ముందు కనిపించేది ఆ గాటే.

కోరలు తెల్లగా వేయలేదు. చిగుళ్ళ దగ్గర గోధుమ, మధ్యలో ఓకర్, కొనకు ఎముక రంగు, నిలువు గీతలుగా. ఇప్పుడు బట్ట దగ్గర ఆగిపోయాను. పచ్చకు ఎరుపు ఎదురు కాబట్టి ఎర్ర పంచె బాగుంటుందనుకున్నా, వేస్తే మళ్ళీ చూపు అంతా కిందికే పోతోంది.

పాతబ్రష్
మే 9, ఉదయం 6:55

ఎదురు రంగు అంటే సమాన బలంతో పెట్టమని కాదు అబ్బాయ్. ఎరుపు ఉండనీ, దాని గొంతు తగ్గించు. ఎర్ర పంచెలో ఇప్పుడు అదే ఒంటి పచ్చ ఒక చుక్క కలుపు, ఇటుక రంగులోకి దిగుతుంది. బట్ట పాతది, ఎండకు వెలిసింది అనిపిస్తుంది, పైగా ఒంటికీ బట్టకూ చుట్టరికం కుదురుతుంది. నిగనిగలాడే ఎరుపు మొత్తం బొమ్మలో ఒకే ఒక్క చోట ఉంచు, మొహానికి దగ్గరగా. కళ్ళు గానీ, తలకు కట్టిన పీలిక గానీ.

కొర్లగుంట_కుంచె
మే 9, ఉదయం 9:40

కళ్ళు ఎర్రగా వద్దని నా మాట. ముదురు పచ్చ మొహంలో ఎర్ర కన్ను మూడడుగుల దూరానికి నల్ల చుక్కలా కనిపిస్తుంది, రెండింటి ముదురుతనం దాదాపు ఒకటే. పసుపు పెట్టు, చుట్టూ ముదురు గోధుమ గీత. ఎర్ర పీలిక తలకు కట్టు. డాలు నీలం తీసేసి చెక్క రంగు వెయ్యి, కత్తికి వెండి మీద సియెన్నా స్పాంజ్‌తో అద్ది తుప్పు పట్టించు, అంచు మాత్రం మెరవనీ, వాడు రోజూ దాన్ని సానపట్టుకుంటాడు.

బెంగళూరా_మామిడి
మే 9, మధ్యాహ్నం 12:20

కింద స్టాండుకు మట్టి మర్చిపోవద్దు. కొండ మీద అడవిలోంచి ఏమీ తేవొద్దు, మీ పెరట్లో ఎర్రమట్టి చాలు. టీ జల్లెడలో జల్లించి, పాత పెనం మీద వేడి చేసి తేమ పోగొట్టి, ఫెవికాల్ నీళ్ళు రాసి పైన చల్లు. జిగురు పట్టాక ముదురు పడుతుంది, కంగారు పడకు, ఆరాక లేత ఓకర్‌తో డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన పొడి బ్రష్) తిప్పితే మన ఎర్రనేల వస్తుంది. ఆలివ్ కాళ్ళు ఎర్రమట్టి మీద బాగా తేలతాయి. కొర్లగుంట అన్న ఎర్రచందనం ఓర్క్‌లకైతే ఇదే మట్టి పనికిరాదు, కాళ్ళు నేలలో కలిసిపోతాయి, వాళ్ళకు బూడిదరంగు రాళ్ళు పెట్టాలి.

అలిపిరి_అబ్బాయి
మే 23, రాత్రి 9:15

12 పూర్తయ్యాయి. నాయకుడికీ ఇద్దరు ముసలివాళ్ళకూ కలం అక్క పద్ధతి, మిగతా తొమ్మిదికి రెజిన్ అన్న నలుపు తెలుపు స్ప్రే, ఒకేసారి వరసగా, పొద్దున ఆరుకే డాబా మీద. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, ముగ్గురి ఒళ్ళు లోతుగా ఉంది. దళంగా చూస్తే మాత్రం అతికిపోయాయి, ఎందుకంటే అందరికీ చివర్లో ఒకే ఎర్ర గోధుమ వాష్, ఒకే ఇటుక రంగు బట్ట. పసుపు బెల్టులు తీసేశాను. గుంపు తెలియడానికి ఎడమ చేతి మీద తెల్ల మట్టి పూత, స్పాంజ్‌తో అద్దాను, మొదటి గుంపుకు భుజం వరకే, రెండో గుంపుకు మోచేతి దగ్గర పగుళ్ళు చూపిస్తూ మణికట్టు దాకా. ఎర్ర తలకట్టు నాయకుడికి ఒక్కడికే.

నిన్న ఆటలో మా వాడు ఒకడు దూరం నుంచే “ఆ గాటు ఉన్నవాడు ముందుకు వస్తున్నాడు” అన్నాడు. బొమ్మను చేతిలోకి తీసుకోకుండానే అన్నాడు. నాకు అది చాలు.

పాడైపోయిన రెండో బొమ్మను కూడా మళ్ళీ వేశాను, కుడి చెవి దగ్గర పాత చిలకపచ్చ కొంచెం మిగిలిపోయింది, ఈ ఆదివారం సరిచేస్తాను.

కరక్కాయ_కలం
మే 23, రాత్రి 9:50

చాలా సంతోషం తమ్ముడూ. చెవి దగ్గర తీయాల్సిన పని లేదు, దాని మీదే పలచటి ఎర్ర గోధుమ ఒక పూత వెయ్యి, సరిపోతుంది.